తొమ్మిదో పేజీ

"ఆ పెట్టె వైరు పీకేయప్పా," అన్నాడు విష్ణువర్ధన్.

ఎలక్ట్రీషియన్ ఆదెప్ప వంగబోయాడు. లైబ్రేరియన్ ప్రసూన లేచి వచ్చి కంప్యూటరుకు అడ్డంగా నిలబడింది.

"తీయొద్దు సార్."

"ఎందుకమ్మా? దాని ముందర ఎవరూ కూచునేది లేదు. రేయింబవళ్లు కరెంటు మింగుతాండాది. పత్రికలన్నీ నెట్‌లోనే వస్తాండాయి కదా."

"నెట్‌లో ఉండేది కంపెనీ వాళ్లది సార్. వాళ్లు చూపించినన్నాళ్లే మనం చూసేది. ఈడ దాచుకున్నది మనది. మనం చందా కట్టిన ప్రతి సంచికా, వాళ్ల అనుమతితోనే, ఒక కాపీ దీంట్లో పెట్టినా. కాయితం పత్రికలైతే బీరువాలో పెట్టుకోమా, అట్లనే."

"కంపెనీ యాడికి పోతాదమ్మా?"

అది 2006 ఆగస్టు. గార్లదిన్నె దగ్గర ఒక ట్రస్టు నడిపే మెట్టపంటల పరిశోధన కేంద్రం. విష్ణువర్ధన్ డైరెక్టరుగా బదిలీపై వచ్చి మూడు వారాలైంది. వచ్చినప్పటి నుంచి ఏది అనవసరమా అని గది గదీ తిరుగుతున్నాడు.

ప్రసూన జవాబు చెప్పేలోపు తలుపు తోసుకుని పద్మజ వచ్చింది. తెగుళ్ల విభాగంలో శాస్త్రవేత్తగా చేరి ఏడాది కాలేదు. ఆమె వెనకే రామాంజులు అనే రైతు, చేతిలో వేళ్లతో సహా పీకిన నాలుగు వేరుసెనగ మొక్కలు. వాటి కొనలు మంటకు ఆనించినట్టు మాడి ఉన్నాయి.

"మేడం, ఆ తెగుళ్ల పత్రిక సైటు తెరుచుకోవడంల్యా. కంపెనీ మూతబడిందంట."

ఆరేళ్ల కిందటి వ్యాసం ఒకటి కావాలి పద్మజకు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు వేరుసెనగ తెగుళ్లను పక్కపక్కనే ఫోటోలు పెట్టి విడదీసి చూపిన వ్యాసం. ఆ పత్రిక అచ్చులో ఏనాడూ రాలేదు. నెట్‌లో పుట్టి నెట్‌లోనే పోయింది.

"ఏ తెగులో తెలిస్తే ఏమొస్తాది?" అన్నాడు విష్ణువర్ధన్.

"ఒకటైతే ఇప్పుడు చేసేదేమీ లేదు సార్. రెండోదైతే గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి నుంచి వస్తాది. ఆ కలుపు పీకేస్తే మిగిలిన పైరు దక్కుతాది."

"పన్నెండెకరాలు సార్," అన్నాడు రామాంజులు. "ట్రాక్టరు మాట్లాడుకోనొచ్చినా. బయటనే ఉండాది. మీరు ఉంచమంటే ఉంచుతా, లేదంటే మధ్యాన్నానికి దున్నేస్తా. రోజూ చూసి ఏడ్చే ఓపిక నాకు లేదు."

ప్రసూన పెట్టె ముందు కూర్చుని వెతికింది. వ్యాసం దొరికింది. పద్మజ ఆమె భుజం మీదుగా వంగి చూస్తుండగా ఒక్కో పేజీ తిప్పింది. ఏడు, ఎనిమిది. తొమ్మిదో పేజీలో బూడిదరంగు గీతలు తప్ప ఏమీ లేవు. ఫోటోలు ఉండాల్సింది ఆ పేజీలోనే.

"చూసినావా," అన్నాడు విష్ణువర్ధన్. "దాచుకున్నదీ పాడైపాయ."

ప్రసూన కీబోర్డు ముందుకు లాక్కుంది.

"పాడయితాది సార్. ఎండాకాలం కరెంటు కోతలకు డిస్కు దెబ్బతినింది. అందుకే ఇట్లాంటి పెట్టెలు ఇంకో పది లైబ్రరీల్లో ఉండాయి. ఒకదాంట్లో పేజీ చెడిపోతే మిగతావాటిని అడిగి తెచ్చుకుంటాది. ఒక అరగంట ఓర్చుకోండి."

బయట ట్రాక్టరు డ్రైవరు హారన్ కొట్టాడు. రామాంజులు కిటికీలోంచి చెయ్యెత్తి ఆగమన్నాడు. విష్ణువర్ధన్ వెళ్లిపోదామని రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆదెప్ప స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

ఆరు లైబ్రరీల నుంచి జవాబే రాలేదు. పెట్టెలు ఆపేసినట్టున్నారు. మూడింట్లో ఆ సంచిక లేదు. మిగిలింది ఒక్కటి. ప్రసూన తెర మీంచి కన్ను తీయలేదు.

నలభై నిమిషాలకు బూడిదరంగు గీతలు పోయి రెండు ఫోటోలు నిలిచాయి.

పద్మజ మొక్కను తెర పక్కన పట్టుకుంది. ఒక ఫోటోలో పక్క చిగుళ్లు గుబురుగా లేచి ఉన్నాయి. రెండో ఫోటోలో కాండం పొడవునా నల్లటి మాడు చార. రామాంజులు తెచ్చిన నాలుగు మొక్కల్లో గుబురు ఎక్కడా లేదు. నాలుగింటికీ చార ఉంది.

"దున్నొద్దన్నా," అంది పద్మజ. "వయ్యారిభామ పీకు. పక్క చేన్లోళ్లకూ చెప్పు."

"పీకుతా, ఊరంతా పీకిస్తా." రామాంజులు తువ్వాలుతో ముఖం తుడుచుకుని ప్రసూన వైపు తిరిగాడు. "ఆ పేజీ పంపినోళ్లు ఎవరో గానీ, నా దండాలు చెప్పు తల్లీ."

ట్రాక్టరు ఖాళీగానే వెనక్కి మళ్లింది. విష్ణువర్ధన్ ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

"ఆదెప్పా, దీనికి మంచి బ్యాటరీ ఒకటి బిగించు. కరెంటు పోయినా ఇది ఆగకూడదు," అన్నాడు. తర్వాత ప్రసూనతో, "పొరపాటు నాది. పేజీ పంపిన లైబ్రరీకి నా పేరు మీద మెచ్చుకుంటా ఒక ఉత్తరం రాయమ్మా. పదిమందిలో నిలబడింది వాళ్లొక్కరే. యాడిది?"

ప్రసూన తెర మీద చూసింది. ఆమె ముఖం వెలిగింది.

"మన ట్రస్టుదే సార్, చిత్రదుర్గం కేంద్రం. మీరు ఇంతకు ముందు పనిచేసిన చోటే. లైబ్రేరియన్ ఎర్రిస్వామి."

విష్ణువర్ధన్ ముందుకు వంగి తెర మీద ఆ పేరు చదివాడు.

"ఉత్తరం వద్దులేమ్మా, పాపం భయపడతాడు," అన్నాడు. "నేను ఈడికి వచ్చే ముందురోజు ఆడుండే పెట్టె తీసేయమంటే, తీసేసినానని సంతకం పెట్టి ఇచ్చినాడు."