సగం ఓడ

"ఇరవై నిమిషాలు ఇస్తున్నాను. పద్నాలుగు మందీ పడవలోకి దిగండి. జర్మన్ల చేతికి చిక్కకుండా ఆ ముక్కను నేనే ఫిరంగితో ముంచేస్తాను," అని బ్రిటిష్ కాపలా ఓడ కమాండర్ మెగాఫోన్‌లో చెప్పాడు.

ఆ ముక్క 'టిండ్‌హోల్మ్' అనే నార్వే చమురు ఓడలో వెనక సగం. ఉదయం ఏడింటికి జర్మన్ టార్పెడో తగిలి ఓడ నడిమికి విరిగింది. కెప్టెన్, డెక్కు మనుషులు, పటాలు, రేడియో ముందు సగంలో ఉండిపోయాయి. అది మంచు తెరలోకి కొట్టుకుపోయింది. కమాండర్ గంటసేపు వెతికి, మునిగిపోయిందని తేల్చాడు. వెనక సగంలో ఇంజను, వంటగది, ఐదు వేల టన్నుల విమాన పెట్రోలు మిగిలాయి. ఉన్నవాళ్లు ఇంజనువాళ్లు, వంటవాళ్లు. పటం చదవగలవాడు ఒక్కడూ లేడు.

చీఫ్ ఇంజనీరు తోర్లీఫ్ రుగ్‌లాండ్ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగండి. ముందు సభ జరగాలి."

"ఏం సభ?"

"ఓడను వదిలేముందు అధికారుల్ని కూర్చోబెట్టి అడగాలి. మా ఓడల చట్టం అది."

"అది కెప్టెన్ చేసే పని."

"ఇవాళ కెప్టెన్ని నేనే."

కమాండర్ గడియారం చూసుకున్నాడు. "పద్దెనిమిది నిమిషాలు," అన్నాడు.

సభ వంటగదిలో జరిగింది. తోర్లీఫ్ తన కింది ఇంజనీరుతో మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పు, ఓస్ముండ్."

"ఇంజను తిరుగుతుంది. విరిగినచోట అడ్డుగోడ కారుతోంది. దుంగలు పెట్టి ఆనించాం. గంటకి నాలుగు మైళ్లు దాటితే పగులుతుంది. నేను ఉంటాను."

"నువ్వు, సివర్ట్?"

"పొయ్యి మీద చేప ఉంది," అన్నాడు వంటపెద్ద సివర్ట్. "వాళ్ల ఓడెక్కితే ఇంగ్లీషు వంట తినాలి."

"ఒరేయ్, ప్రాణాల మాట ఇది."

సివర్ట్ గరిటె కింద పెట్టాడు. "సరే, ప్రాణాల మాటే. మా ఊళ్లో జర్మన్లున్నారు. మీ ఊళ్లోనూ ఉన్నారు. మనకి మిగిలిన నార్వే ఈ రెండొందల అడుగులు. దీన్ని నా కళ్లెదుట ముంచుతానంటే కుదరదు."

"తూర్పు ఎటో తెలుసా నీకు?"

"నాకెందుకు? కెప్టెన్‌వి నువ్వు."

మిగతా పదకొండు మంది తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. తోర్లీఫ్ వాళ్లకేసి చూశాడు. పదకొండు చేతులు లేచాయి.

సంగతి విన్న కమాండర్ తూర్పుకేసి చూశాడు. అతను కాపాడవలసిన ముప్పై ఎనిమిది ఓడలు అప్పటికే పన్నెండు మైళ్లు ముందుకు పోయాయి.

"నేను ఆగలేను. గ్లాస్గో తూర్పున ఉంది. ఆరు వందల మైళ్లు," అన్నాడు. టోపీ తీసి పట్టుకున్నాడు. ఓడ తిప్పుకుని వెళ్లిపోయాడు.

దిక్సూచి ఉన్నది ప్రాణరక్షక పడవలో ఒక్కటే. తోర్లీఫ్ దాన్ని తెచ్చి, కదలకుండా, ఇంజను గేజీని బిగించినట్టే ఇనుప స్తంభానికి నాలుగు బోల్టులతో బిగించాడు. వెనక డెక్కు మీద అత్యవసరానికి పెట్టిన చుక్కాని చక్రం ఉంది. దాన్ని వంతులవారీగా పట్టుకున్నారు.

రెండో రోజు అడ్డుగోడలో ఒక రివెట్టు ఊడింది. ఆ కంతలోకి పరుపు చుట్టి కొట్టారు. మూడో రోజు ఇంకో ఐదు ఊడాయి. పరుపులు అయిపోయాయి.

నాలుగో రోజు జర్మన్ విమానం వచ్చింది. రెండుసార్లు చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

"ఎందుకు వదిలేశాడంటావు?" అన్నాడు ఓస్ముండ్.

"ఎవడో ముందే కొట్టేశాడనుకుని ఉంటాడు," అన్నాడు సివర్ట్. "నిన్ను చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది."

ఏడో రోజు పొద్దున కొండలు కనిపించాయి. తోర్లీఫ్ వెనక కర్రకి నార్వే జెండా కట్టాడు. చేపల పడవలు దారి ఇచ్చి, ఒకదాని తర్వాత ఒకటి కూతలు వేశాయి. ఒడ్డున జనం చేరారు. ముందు భాగం లేని ఓడ తన ఇంజనుతో తాను రేవులోకి రావడం వాళ్లెవరూ అంతకుముందు చూసి ఎరగరు.

ఓడల్ని రేవులోకి తెచ్చే ముసలి పైలట్ ముర్డో తాళ్ల నిచ్చెన ఎక్కి వచ్చాడు.

"ఎక్కడికి బయల్దేరారు?"

"గ్లాస్గోకి. ఇది గ్లాస్గోయేనా?"

"గ్లాస్గో దక్షిణాన నూటయాభై మైళ్లు. ఇవి హెబ్రిడీస్ దీవులు." ముర్డో దిక్సూచిని చూశాడు, స్తంభాన్ని చూశాడు. "ఇనుముకి కట్టారా దీన్ని? ముల్లు పక్కకి లాగదూ? ఎవరు కట్టింది?"

"ఇంజనీరు," అన్నాడు సివర్ట్. "గట్టిగానే కట్టాడు."

పెట్రోలు చుక్క కారలేదు. పద్నాలుగు మందీ డెక్కు మీద ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటున్నారు. తోర్లీఫ్ మాత్రం ముర్డోని పక్కకి తీసుకెళ్లాడు.

"ముందు ఒకటి రాసుకోండి. మా కెప్టెన్ హాల్వర్ బ్రెక్కె, ఆయనతో ఇంకో ఇరవై ఒక్క మంది పోయారు. పేర్లు చెబుతాను. వాళ్ల ఇళ్లకి కబురు వెళ్లాలి."

ముర్డో నోటుబుక్కు తీశాడు కానీ రాయలేదు. ఒక కాగితం వెనక్కి తిప్పాడు.

"మీ పేరు?"

"తోర్లీఫ్ రుగ్‌లాండ్."

"అయితే ముందు ఈ కాగితం చింపాలి," అన్నాడు ముర్డో. "మొన్న టగ్ బోటు ఒక సగం ఓడని లాక్కొచ్చి ఆ కొండ వెనక కట్టింది. వెనక సగంతో పోయినవాళ్లు పద్నాలుగు మంది అని అందులో వచ్చిన కెప్టెన్ బ్రెక్కె నాచేత రాయించాడు. మొదటి పేరు మీదే."