నూటనాలుగు

"చెడిపోయిందా మామయ్యా?" గిటారు ఒళ్లో పెట్టుకుని అడిగింది కోడలు.

"వైరు ఊడిందంతే. సోల్డరింగ్ పెట్టేశాను."

ఆమె గిటారు శబ్దాన్ని మార్చడానికి నా కొడుకు సొంతంగా చేసిచ్చిన పెడల్ డబ్బా అది. వాడు పోయాక అదీ మూగబోయింది, ఈమె పాటా ఆగిపోయింది. వైరు అతికించడానికి మూత తీసి చూస్తే, మామూలుగా 103 నంబరు కెపాసిటర్ బిళ్ల ఉండాల్సిన చోట 104 ఉంది. పీకేసి సరైనది వేశాను.

"మూడో తరగతితో బడి మానేసింది నేను. మూడుకీ నాలుగుకీ తేడా తెలియంది మీ ఆయనకి," అన్నాను. చాన్నాళ్లకి నవ్వింది.

తీగ మీటింది. శబ్దం సన్నగా, శుభ్రంగా వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఆయన పెడల్‌లా లేదు మామయ్యా."

"తప్పు దిద్దానమ్మా."

"తప్పు కాదు. నా గొంతు సన్నం కదా, కింద బరువుగా ఒక తోడుండాలని కావాలనే అది వేశారు."

నా రేడియో రిపేరు సొరుగులో కొత్త 104లు చాలా ఉన్నాయి. ముట్టుకోలేదు. నేలమీద పడేసిన వాడి 104నే వెతికి తీశాను. పీకేటప్పుడు దాని తీగకాళ్లు పొట్టిగా కత్తిరించేశాను. ఒక్కో కాలికీ ఒక వైరుముక్క అతికించి, మళ్లీ దాని చోట కూర్చోబెట్టాను.

ఆమె మీటింది. మొద్దుగా, బరువుగా మోగింది.

"ఇక పాడమ్మా," అన్నాను. "తోడుంది."