కుడిచేతి పిడి

“ఇరవై అయిదు గజాల నుంచి అయిదు తూటాలూ చొక్కా గుండీ అంత చోటులోనే పడతాయి. పోటీలకి దీన్ని మించిన పిస్టల్ లేదమ్మా,” అన్నాడు తుపాకుల కొట్టు యజమాని వెర్లిన్.

“అదే ఇవ్వండి. నాకోసమే.” డార్లా కొనుగోలు ఫారం అందుకుని ఎడమచేత్తో సంతకం మొదలుపెట్టింది.

వెర్లిన్ ఫారం మీద అరచెయ్యి పెట్టాడు. “ఈ చెక్కపిడి కుడిచేతివాటం వాళ్లకి చెక్కింది. నీ చేతిలో ఇమడదు. నిన్నెవరు పంపారు?”

ఆమె కిటికీ వైపు చూసింది. బయట ట్రక్కులో మొగుడు స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తున్నాడు.

“నన్ను కొట్టాడని కోర్టు ఆయన్ని తుపాకీ ముట్టుకోవద్దంది,” అంది మెల్లగా.

వెర్లిన్ పిస్టల్‌ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. “ఇది గురి తప్పదు తల్లీ. ఇవ్వను.”

బయట హారన్ మోగింది.

“మీ కొట్టుకి వెనక తలుపుందా?” అని అడిగింది డార్లా.