అద్దెకి వాటా

“గది కోసమేనా?” గేటు తీయకుండానే అడిగింది సుభద్రమ్మ.

గేటవతల చేతిసంచితో నిలబడిన పెద్దావిడ, ఆఫీసుకి బయలుదేరి అప్పుడే మేడమెట్లు దిగిన స్వర్ణ వంకా, ఆమె నుదుటి మీది బొట్టు వంకా చూసింది.

“అవునమ్మా,” అంది తర్వాత. “కాలీగా ఉన్నాదని బోర్డు సూసినాను.”

స్వర్ణ తప్పుకుని వెళ్ళిపోదామనుకుంది. గేటుకి అడ్డంగా సుభద్రమ్మ ఉంది. పైగా అద్దెకి ఎవరొచ్చినా స్వర్ణని పక్కన నిలబెట్టుకోవడం ఆవిడకి అలవాటు. పై వాటాలో రెండేళ్ళుగా ఉంటున్న ఈ పిల్లంటే ఆవిడకి గురి. నీచు వండదు, చుట్టాలెవరూ దిగబడరు, శుక్రవారం గడపకి పసుపు రాస్తుంది.

“మా స్వర్ణలాంటి వాళ్ళకయితేనే ఇస్తాను. ఎంతమంది ఉంటారు?”

“మా అమ్మాయొక్కర్తే. ఈ విజీనారంలోనే ఉద్యోగం.”

“మరి తనే రాలేదేం?”

“దానికి తీరికుండదు. ఇంటికొచ్చి ఐదు నెలలైపోనాది. ఎలాటి ఇంట్లో ఉంటాదో సూద్దావని ఆమదాలవలసలో రైలెక్కి నేనే వచ్చీసినాను.”

“మా ఇంట్లో చేపలూ అవీ వండకూడదు.”

“వండదమ్మా. అన్నీ మానుకుంటాది.”

స్వర్ణ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది.

సుభద్రమ్మ గొంతు తగ్గించింది. “ఇంతకీ మీరేవిట్లు?”

ఆవిడ ఏదో ఒక అబద్ధం చెబితే బాగుండుననుకుంది స్వర్ణ.

“మిషను కాంపౌండోళ్ళం. నా పేరు కాంతం.” తల ఎత్తే చెప్పిందావిడ.

“అయ్యో, నిన్ననే ఒకళ్ళు అడ్వాన్సిచ్చి వెళ్ళారండీ. బోర్డు తియ్యడం మర్చిపోయాం. ఏమ్మా స్వర్ణా, అంతే కదూ?”

ఇద్దరూ స్వర్ణ వంకే చూశారు. కాదంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈ ఊళ్ళో ఇల్లు దొరకడం ఎంత కష్టమో కూడా తెలుసు.

“అవునండీ,” అంది నేల చూపులు చూస్తూ.

“పోన్లెండి. కాసిన్ని మంచినీళ్ళిస్తారా?”

సుభద్రమ్మ తటపటాయించింది. స్వర్ణ తన బ్యాగులోని నీళ్ళసీసా తీసి గేటు ఊచల మధ్యనుంచి అందించింది. కాంతం రెండు గుక్కలు తాగి సీసా తిరిగివ్వబోయింది.

“ఉంచేసుకోండి,” అంది సుభద్రమ్మ చప్పున.

“సల్లగా ఉండమ్మా,” అని స్వర్ణతో చెప్పి, కాంతం ఎండలోకి నడిచింది.

“చూశావా, అడక్కపోతే ఎంత పనయ్యేదో,” గడియ తీస్తూ అంది సుభద్రమ్మ. “నాకు ముఖం చూస్తే తెలిసిపోతుందమ్మా.”

“అవునండీ,” అంది స్వర్ణ మళ్ళీ.

రోడ్డు మీద వంద గజాల ముందు కాంతం నడుస్తోంది. స్వర్ణ ఓసారి వెనక్కి చూసింది. సుభద్రమ్మ గేటు దగ్గర ఇంకా నిలబడే ఉంది. స్వర్ణ అడుగు వేగం పెంచలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది.

ముందు నడుస్తున్న కాంతం ఆగి, సంచిలో చెయ్యి పెట్టింది. ఫోనెత్తింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

“అమ్మా, నాన్నకి సెప్పకే,” అంది స్వర్ణ.