ఉమ్మడి గోడ

“మీ వాళ్ళు మిద్దె మీద రూము కట్టుకునేదానికి మా మామా ఒప్పుకునింది మే!” రెండు విల్లాల మధ్యనున్న ఉమ్మడి పిట్టగోడ అవతలి నుంచి, పక్కింట్లో పనిచేసే ఓబులమ్మ చెప్పింది. యజమానురాలిని ఇక్కడ పనోళ్ళు ‘మామా’ అంటారు.

బట్టలు ఆరేస్తున్న వెంకటేశ్వరికి నవ్వు ఆగలేదు. ఆ రూము తనకే. కువైట్‌కు వచ్చాక తలుపేసుకుని పడుకునే చోటు దొరకడం ఇదే మొదలు.

“నీ పున్నెమే అక్కా! నువ్వు బతిమాలకపోతే ఆమె వినేదా?”

“ఒక మాట మాత్రం పెట్టింది. మా ఇంటి ఆడోళ్ళు మీ వైపుకు కనపడకుండా ఈ గోడను రెండాళ్ళ ఎత్తు లేపాలంట.”

వెంకటేశ్వరి నవ్వు ఆగిపోయింది. ఓబులమ్మను సెలవు రోజైన శుక్రవారం కూడా గేటు దాటనివ్వరు. ఆమె ఫోను యజమానురాలి దగ్గరే ఉంటుంది. ఆమె తెలుగు మాట్లాడేది ఈ గోడ మీదుగానే.

“ఈ సంగతి నీకు ముందే తెల్సా అక్కా?”

“తెల్సు. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని ఆ పొయ్యి పక్కన పండుకుంటావు?”

“మేస్త్రీ ఎప్పుడొస్తాడంట?”

“రేపే.” ఓబులమ్మ బకెట్లోంచి ఇంకో గుడ్డ తీసింది. “ఈ పొద్దు నిదానంగా ఆరేద్దాం మే.”

వెంకటేశ్వరి తీగ మీద ఆరేసిన బట్టలన్నీ తీసి, మళ్ళీ మొదటి నుంచి పిండసాగింది.