అతుకు మీద అక్షరం

"ఈ అతుకు ఎవరిది?"

వెల్డింగ్ నేర్పే హార్లన్ తాత అలా అడిగేసరికి బడి వర్క్‌షాపులో పిల్లలంతా ముందుకు వంగి చూశారు. పన్నెండు మంది ఆరు వారాలు చెమటోడ్చి కట్టిన రోబో బల్ల మీద పడి ఉంది. ఇప్పుడే ఆఖరిసారి నడిపి చూద్దామంటే వెళ్ళి గోడకు గుద్దుకుంది. అల్యూమినియం చట్రానికి ఎడమ మూల వెల్డింగ్ ఊడి, గొట్టం నోరు తెరిచింది. రేపు పొద్దున్న ఏడింటికి రాష్ట్ర పోటీకి బస్సు!

ఆ షాపులో ఒక పద్ధతుంది. ఎవరు వెల్డింగ్ పెడితే వాళ్ళు పక్కనే తమ పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని సుత్తితో అచ్చు కొట్టాలి. మంచికీ చెడ్డకీ ఆ అక్షరానిదే పూచీ.

"తాతా, భూతద్దం ఇవ్వనా?" అన్నాడు రోబో నడిపే కాల్విన్.

"నా కళ్ళ సంగతి నీకెందుకురా? నువ్వే చదివి ఏడు."

"టి... టెస్సాది."

"నాదే తాతా," అంది టెస్సా.

పచ్చి అబద్ధం. ఈ చలికాలం నుంచి తాత చేతులు వణుకుతున్నాయి. ఆయన పెట్టిన అతుకుల్ని ఆయన ఇంటికెళ్ళాక టెస్సా గ్రైండర్‌తో తీసేసి, తన చేత్తో మళ్ళీ పెట్టి, పక్కనున్న 'హెచ్' అక్షరాన్ని మాత్రం అలాగే ఉంచేస్తోంది. నిన్న ఆ ఒక్క మూలకొచ్చేసరికి గ్యాసు అయిపోయింది. తాత అతుకు ఒక్కటి విరిగినా ఆయన్ని ఇక షాపులోకి రానివ్వలేనని మిస్ నోవాక్ టీచరు ఫోనులో ఎవరితోనో అనడం టెస్సా విన్నది. అందుకే ఆ 'హెచ్'ని ఆకురాయితో అరగదీసి 'టి' కొట్టింది. విరిగితే మాట తన మీదికే రావాలని. ఇవాళ కొత్త సిలిండర్ వచ్చింది కానీ, దాన్ని బిగించేలోపే కాల్విన్ తొందరపడి రోబోని నడిపేశాడు.

తాత కళ్ళు మూసుకుని విరిగిన చోట బొటనవేలు పెట్టాడు. వెల్డింగ్‌ని వేలితోనే చూడాలంటాడాయన. అక్కడ చాలాసేపు ఆగి, మిగతా అతుకుల మీదుగా ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్ళాడు.

"మరి ఇవి?"

"అవన్నీ నీవే కదా తాతా, హెచ్ ఉంది," అన్నాడు కాల్విన్.

"ఊఁ. జడ అల్లినట్టున్నాయి. చెయ్యి తిరిగినవాళ్ళ పని." తాత టెస్సా వైపు తిరిగాడు. "నిజం చెప్పు పిల్లా. ఆ మూల నీదేనా?"

"నాదే."

"ఇంకోసారి అడుగుతున్నా."

"నాదే అన్నాగా! తొందరలో సరిగ్గా పెట్టలేదు."

ఆయన మొహం వాడిపోయింది. "ఇనుమే నయం. కరిగే ముందు ఎర్రబడి చెప్తుంది. ఈ అల్యూమినియం ఉందే, చివరిదాకా ఏమీ ఎరగనట్టు తెల్లగా మెరుస్తూ ఉండి చటుక్కున కారిపోతుంది. పక్కనున్నవాడికి ఒక్క ముక్కైనా చెప్పదు." అందరి వైపూ తిరిగి అడిగాడు. "మన రూలేమిటి?"

 బల్ల అవతలున్న మిస్ నోవాక్ నీళ్ళు నములుతూ అంది. "ఎవరి అతుకు విరిగితే వాళ్ళు బస్సెక్కరు. కానీ హార్లన్, ఆ పిల్లకి ఇదే ఆఖరి ఏడాది. నాలుగేళ్ళుగా ఈ రోజు కోసమే..."

"రూలు పెట్టింది నేనే. ఎవరికోసమూ మార్చను." తాత కోటు తగిలించుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పిల్లా, ఆ మూల మళ్ళీ పెట్టు. అక్షరం కొట్టడం మరిచిపోకు."

టెస్సా మొహం మీదికి హెల్మెట్ దించుకుంది. తిట్టినా బాగుండేది. వెల్డింగ్ టార్చి పట్టడం నేర్పిన మనిషే ఇలా చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.  హెల్మెట్ లోపల కళ్ళు తుడుచుకునే వీలుండదు, కన్నీళ్ళు గడ్డం దాకా కారి గ్లవుజుల మీద పడ్డాయి. అయినా చెయ్యి వణకనివ్వలేదు. అతుకు జడలా వచ్చింది. పక్కన 'టి' కొట్టింది.

పొద్దున్న మంచు పడుతోంది. తనకెలాగూ సీటు లేదు, సామానైనా ఎక్కిద్దామని టెస్సా వచ్చింది. రోబోని దుప్పటి చుట్టి ఎక్కించారు. పనిముట్ల పెట్టెలు ఎక్కాయి. పిల్లలు ఎక్కారు. ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు. తాత ఎదురుపడితే ఎక్కడ ఏడ్చేస్తానోనని ఆమె ముందు సీటు వైపు చూడనేలేదు. ఏటా ఆయన కూర్చునేది అక్కడే, ఒళ్ళో డోనట్ల పెట్టె పెట్టుకుని.

"గెలిచి రండి," అని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి? ఎక్కు, టైమైంది," అంది మిస్ నోవాక్ మెట్టు మీంచి.

"నన్నేడిపించకండి మేడమ్. నేనెలా ఎక్కుతాను? రూలుంది కదా."

మిస్ నోవాక్ పక్కకి జరిగింది. ముందు సీటు ఖాళీగా ఉంది. దాని మీద మసిపట్టిన పాత హెల్మెట్, అందులో షాపు తాళంచెవి, అరిగిపోయిన 'హెచ్' అచ్చు.

"తెల్లారకముందే వచ్చి ఇవి నీకిమ్మని పెట్టి వెళ్ళాడు," అందావిడ. "రూలు మార్చలేదమ్మా. ఎవరి అతుకు విరిగిందో, ఆయన బస్సెక్కలేదు."