గంటకోసారి తలెత్తితే

"ఎప్పుడు తలెత్తి చూసినా సోఫాలోనే ఉంటావు," అంది భార్య, లాప్‌టాప్ మీది చిరాకంతా ఇల్లు చూసుకునే మొగుడి మీదకు మళ్ళించి.

"పని తెమలడం లేదా?" అన్నాడతను.

"ప్రాసెసర్‌కి పని ఎక్కువైతే వేగం పెంచాలి, ఖాళీగా ఉంటే తగ్గించాలి. అది చూసుకునే కోడ్ నాది. లోపల పని కొండలా పేరుకుపోయినా, ఖాళీగా ఉందనుకుని వేగం తగ్గించేస్తోంది."

"పనుందో లేదో ఎప్పుడెప్పుడు చూస్తుంది?"

"సెకనుకి వందసార్లు. గడియారం కొట్టినట్టు."

"నీలాగే అన్నమాట. కళ్ళ డాక్టరు చెప్పాడని గంటకోసారి నీ వాచీ మోగుతుంది, నువ్వు తలెత్తుతావు."

"అయితే?"

"ఆ రెండు నిమిషాలైనా మాట్లాడతావని, చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుంటాను."

ఆమె గబగబా కోడ్ తెరిచింది. అక్కడా అదే తంతు. తన కోడ్ తొంగిచూసే ప్రతిసారీ, సరిగ్గా ఆ క్షణానికే ప్రాసెసర్‌లో నడిచే ప్రోగ్రాం పని ఆపి ఊపిరి పీల్చుకుంటోంది. చూసే వేళలు అటూ ఇటూ మార్చగానే ప్రాసెసర్ వేగం అందుకుంది.

మర్నాడు వాచీ మోగకముందే ఆమె తలెత్తింది. మొగుడు స్టూలెక్కి, నెత్తి నిండా దుమ్ముతో ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు.

"అప్పుడే గంటయిందా?" అంటూ కంగారుగా దిగబోయాడు.

"ఇంకా చాలా టైముంది," అంటూ ఆమె లేచి వెళ్ళి స్టూలు పట్టుకుంది.